వెనుక సీటు

అన్నయ్య సమాధి రాయి దాదాపు ఏడాదిగా మా వాకిట్లోనే పడి ఉంది. పేరు, పుట్టిన తేదీ, పోయిన తేదీ, కింద ఒక కీర్తన వచనం, అన్నీ చెక్కించి తెచ్చిందే. నాన్న పెట్టనివ్వలేదు. దాని మీద యూరియా సంచి కప్పి, సంచి ఎగిరిపోకుండా రెండు ఇటుకలు పెట్టాడు. ఇంటికొచ్చిన వాళ్ళు అరుగనుకుని దాని మీదే కూర్చుని చాయ్ తాగేవాళ్ళు. కింద ఏముందో తెలిశాక దిగ్గున లేచేవాళ్ళు.

అన్నయ్య పేరు గిడియోన్. మెదక్‌లో ఇళ్ళకు కరెంటు వైరింగు చేసేవాడు. ఏటా ఈస్టరుకు ముందొచ్చే మట్టల ఆదివారం ఇంకో వారం ఉందనగా పనులన్నీ పక్కన పడేసి, బుల్లెట్ మీద ఒంటరిగా సముద్రం దాకా పోయి శనివారానికి తిరిగొచ్చేవాడు. గోదావరి ఒడ్డున పూలతోటలు, కొబ్బరితోటల మధ్య ఊళ్ళు, చివర సముద్రం. వచ్చాక నెల రోజులు అవే కబుర్లు. బయల్దేరే ముందు ప్రతిసారీ నాన్నను అడిగేవాడు. "డాడీ, ఎనుక కూసో. సముద్రం చూపిస్త."

ఆరేళ్ళు అడిగాడు. ఆరేళ్ళూ నాన్న కాదన్నాడు. పోయినేడు కాదనడంతో ఆగలేదు. "నీ బండి ఎక్కుడు కంటే పెట్టెల పండుడు నయం" అన్నాడు. మా ఇళ్ళల్లో పెట్టె అంటే ఏ పెట్టో అందరికీ తెలుసు.

ఆరు రోజుల తర్వాత పెట్టెలో పడుకున్నది అన్నయ్య. తిరిగొస్తూ తూప్రాన్ దగ్గర బండిని రోడ్డు పక్కన ఆపాడు. చాయ్ కోసం రోడ్డు దాటుతుంటే లారీ గుద్దింది. బండికి గీత కూడా పడలేదు.

నాన్న పేరు జకరయ్య. మిషన్ బడిలో ముప్పై ఏళ్ళు లెక్కలు చెప్పాడు. అన్నయ్య పోయిన దగ్గర్నుంచి గుడికి వస్తాడు, ఆఖరి బెంచీలో కూర్చుంటాడు, బల్ల అని మేం పిలిచే రొట్టె ద్రాక్షారసం ఇచ్చే వేళకు లేచి బయటికి పోతాడు. "గా మాట అన్న నోటితోని ఎట్ల తీసుకోవాలె? వాడు నన్ను మన్నించలే" అంటాడు. రాయి సంగతి ఎత్తితే అసలు మాట్లాడడు. పాస్టరు అయ్యగారు రెండుసార్లు వచ్చి ప్రార్థన చేసి వెళ్ళారు. అమ్మ ఏడ్చి ఏడ్చి అలసిపోయింది. నేను హైదరాబాద్‌లో ఏడేళ్ళ నుంచి చేస్తున్న నర్సు ఉద్యోగం మానేసి మెదక్‌లోనే ఒక దవాఖానలో చేరాను. ఇంట్లో ముగ్గురం ఉండేవాళ్ళం, మాటలు మాత్రం ఒక్కరికి సరిపడా కూడా ఉండేవి కావు.

ఆ మార్చిలో ఒక సాయంత్రం అన్నం ముందు కూర్చుని నాన్న అన్నాడు. "నిస్సీ, సోమవారం బండి తియ్యి. వాడు పోయిన తొవ్వల పోదాం."

అమ్మ చేతిలోని గంటె కుండలో పడింది. "గా నడుంతోనా? ఎండలు ముదిరితే సాలు నడుం పట్టిందని మంచం దిగరు. బండెక్కుతరంట!"

"ఎక్కుత, నవోమీ."

అమ్మ కాసేపు ఆయన ముఖం చూసింది. "వచ్చినంక రాయి పెట్టనిస్తరా?"

"వచ్చినంక చూద్దాం" అన్నాడు. అదే చాలు అన్నట్టు అమ్మ లోపలికి పోయి నా హెల్మెట్ తుడవడం మొదలుపెట్టింది.

నాకు బండి నేర్పింది అన్నయ్యే. ఆ బుల్లెట్ మీదే, చర్చి వెనుక మైదానంలో. ఆడపిల్లకు బుల్లెట్ ఏందని సగం మెదక్ ముక్కున వేలేసుకుంటే మిగతా సగం మైదానం గోడెక్కి చూసింది. సోమవారం తెల్లారగానే బయల్దేరాం. గాలి తగులుతుందని నాన్న తన పాత బ్రౌన్ కోటు వేసుకున్నాడు. రిటైరైన రోజు నుంచి ఆ కోటు తలుపు వెనుక కొక్కేనికే వేలాడింది.

నర్సాపూర్ అడవిలో మోదుగలు ఆకు లేకుండా పూసి ఉన్నాయి. రోడ్డుకు రెండు పక్కలా ఎర్రగా, నిశ్శబ్దంగా. అక్కడి మలుపుల్లోనే నాకు మొదటిసారి వింతగా తోచింది. కొత్తగా వెనుక కూర్చున్న మనిషి మలుపు వస్తే భయపడి బండికి ఎదురు వంగుతాడు. నడిపేవాళ్ళకు అది వెంటనే తెలుస్తుంది. నాన్న ఎదురు వంగలేదు. నేను ఎంత వంగితే అంత, నాతోపాటే వంగాడు. ఏళ్ళ తరబడి వెనుక కూర్చున్నవాళ్ళకు వచ్చే అలవాటు అది. అరవై ఆరేళ్ళ మనిషి, స్కూటర్ ఎక్కడానికి కూడా జంకే మనిషి. భయంతో బిగుసుకుపోయి నన్ను అంటుకుని ఉన్నాడేమో అనుకుని సరిపెట్టుకున్నాను.

రాత్రికి విజయవాడలో ఆగి, మర్నాడు మధ్యాహ్నానికి కడియం చేరాం. కాలవ గట్టు మీద రోడ్డు, కింద కనుచూపు మేర పూలు. బంతి ఒక మడి, చామంతి ఒక మడి, కనకాంబరాలు, లిల్లీలు. అంత ఎండలోనూ ఒక్క ఆకు కదలడం లేదు. ఇన్ని పూలు ఒక్కచోట నేను సమాధుల తోటలోనే చూశాను, అదీ ఈస్టరు తెల్లవారుజామున. ఆ ఆలోచన వచ్చినందుకు నన్ను నేనే తిట్టుకున్నాను.

గట్టు మీద ఒక చిన్న టీ కొట్టు ఉంది. ఒకావిడ పూలు గుచ్చుకుంటూ కూర్చుంది. పేరు సౌభాగ్యమ్మ అని తర్వాత తెలిసింది. బండి ఆగగానే దండ పక్కన పెట్టి లేచింది. నన్ను చూడలేదు. నాన్న వైపు చూసి నవ్వింది.

"రండి మాస్టారూ. ఈ ఏడు వస్తారో రారో అనుకున్నానండి."

బల్ల తుడిచింది. టీ కలిపి నాన్న చేతికి గ్లాసు ఇచ్చింది. "మీకు పంచదార వెయ్యలేదులెండి" అంది. నాన్నకు పన్నెండేళ్ళుగా షుగర్.

"అబ్బాయిగారు రాలేదేంటండీ? ఈసారి అమ్మాయిగారు తీసుకొచ్చారా?"

నేను చెప్పాను. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చాలాసేపు పూలమడుల వైపు చూస్తూ నిలబడిపోయింది. "బంగారంలాంటి పిల్లాడండి" అంది చివరికి. "మాస్టారు ఒక్క ముక్క మాట్లాడేవారు కాదు. ఆ బల్ల చివర కూర్చుని తోట చూస్తూ ఉండేవారు. ఆ అబ్బాయే అన్నీ చూపించి చెప్పేవాడు, ఇది చామంతి డాడీ, ఇది లిల్లీ డాడీ అని."

నాన్న గ్లాసు కింద పెట్టాడు. "అమ్మా, నేను ఈడికి రావుడు ఇదే మొదటిసారి."

ఆవిడ నాన్నను చూసి, నన్ను చూసి, జాలిగా తల ఊపింది. "పెద్ద దెబ్బ కదండీ. మరుపు వస్తుంది" అంది. డబ్బులు తీసుకోలేదు. అప్పుడు చూశాను, నాన్న కూర్చున్నది బల్ల చివరనే.

బండి కదిలింది. నేను నర్సును. నా పనిలో దయ్యాలకు డ్యూటీ వెయ్యరు. అన్నిటికీ ఒక కారణం ఉంటుందని నా నమ్మకం.

"అన్న ఫోన్ల నీ ఫోటో చూపిచ్చి ఉంటడు, డాడీ. మస్తు చెప్పి ఉంటడు. వింటుంటె వింటుంటె చూసినట్టె అయితది మనుషులకు."

"చక్కెర?"

"అది గూడ చెప్పిండేమో."

"బల్ల?" అన్నాడు నాన్న. గేరు మార్చాను.

సఖినేటిపల్లి దగ్గర గోదావరి దాటడానికి పంటు ఎక్కాలి. మనుషులు, సైకిళ్ళు, బండ్లు, ఒక ఆవు, అన్నీ ఆ బల్లకట్టు లాంటి పడవ మీదే. టిక్కెట్లు కోస్తున్నాయన రఘుపతి. అందరూ ఆయన్ని పేరు పెట్టే పిలుస్తున్నారు. మా దగ్గరికొచ్చి చిల్లర తిరిగిస్తూ మామూలుగా అన్నాడు. "మాస్టారూ, ఈసారి అంచుకి నిలబడకండి. పోయినేడు కోటంతా తడిసిపోయింది కదా."

నాన్న కోటు అంచు పట్టుకుని చూపించాడు. "గీ కోటేనా?"

"ఇదేనండీ. ఎడం మోచేతి దగ్గర అతుకుంది చూడండి, గళ్ళ గుడ్డ." అని టిక్కెట్లు కోసుకుంటూ ముందుకు పోయాడు.

నాన్న ఎడమ చెయ్యి ఎత్తి చూసుకున్నాడు. నేనూ చూశాను. గళ్ళ గుడ్డ అతుకు. అమ్మ కుట్టింది, నాన్న రిటైరయ్యే ముందు ఏడు. ఫోటోలో కోటు కనిపిస్తుందేమో, మోచేతి లోపలి అతుకు కనిపించదు. నాకు భయం వేసింది. పట్టపగలు, అంతమంది మధ్యలో, నీళ్ళ మీద. నాన్న మాత్రం అంచుకు పోయి రెయిలింగు పట్టుకుని నిలబడ్డాడు, సరిగ్గా వద్దన్నచోట.

నరసాపురం దాటాక దారి రెండుగా చీలింది. నేను ఫోనులో చూద్దామని బండి నెమ్మది చేశాను.

"ఎడమకు తిప్పు" అన్నాడు నాన్న వెనుక నుంచి. "కొబ్బరితోట దాటినంక పచ్చరంగు చిన్న గుడి వస్తది. దాని గంట మెట్ల పక్కన కిందనే ఉంటది."

కొబ్బరితోట దాటింది. పచ్చరంగు చిన్న గుడి వచ్చింది. మెట్ల పక్కన రెండు సిమెంటు దిమ్మెల మీద గంట కూర్చుని ఉంది. నేను బండి ఆపేశాను.

"డాడీ, నీకెట్ల తెలుసు? అన్న చెప్పిండా?"

"వాడు చెప్తె నేనెన్నడు విన్న, నిస్సీ? వాడు మాట మొదలుపెడితె పేపర్ తెరుస్తుంటి." ఆయన గంటనే చూస్తున్నాడు. "తెల్వది. నోట్లకెల్లి వచ్చింది. పోదాం పా, చీకటి పడితది."

పేరుపాలెంలో అన్నయ్య దిగే లాడ్జి దొరకడానికి ఇబ్బంది పడలేదు. దారి నాన్నే చెప్పాడు. లాడ్జి ఆయన పేరు బాబు, నలభై ఏళ్ళుంటాయి, బొద్దుగా, చెవి మీద పెన్నుతో. నాన్నను చూసి "మాస్టారికి కింద గదే" అని తాళం తీసి బల్ల మీద పెట్టాడు. రిజిస్టరు తిప్పి ముందుకు తోశాడు. నాన్న సంతకం చేశాడు. పన్నెండు నెలల్లో ఆయన చెయ్యి బాగా వణుకు పట్టింది.

బాబు ఆ సంతకం చూసి కనుబొమలు ముడిచాడు. "మీ సంతకం ఇది కాదు కదండీ."

"నాదే" అన్నాడు నాన్న.

"ఏమనుకోకండి, పోలీసోళ్ళు అడుగుతుంటారు." బీరువాలోంచి పాత రిజిస్టర్లు తీసి పేజీలు తిప్పి పెట్టాడు. ఆరేళ్ళవి. ప్రతి ఏడూ ఒకటే రాత. ఊరు మెదక్. గిడియోన్. దాని కింద జకరయ్య, తండ్రి. వచ్చినవారు ఇద్దరు. ఎదురుగా రెండు సంతకాలు. రెండోది నాన్న సంతకం, చివర పైకి లేచి వెనక్కు తిరిగే ఆ తోకతో సహా.

నాకు నవ్వొచ్చింది. ఏడాదిలో అదే మొదటిసారి. అన్నయ్య ఎనిమిదో క్లాసులో ప్రోగ్రెస్ కార్డు మీద ఆ సంతకం పెట్టాడు. అదే బడిలో సారు కొడుకు. నాన్న ప్రేయర్ లైన్‌లో అందరి ముందు చెంప మీద కొట్టాడు. ఆ దెబ్బతోనే వాళ్ళిద్దరి మధ్య మాట చెడింది. అన్నయ్య సంతకం మాత్రం మానలేదన్నమాట.

నాన్న ఆ ఆరు సంతకాలనూ కళ్ళజోడు తీసి, పెట్టుకుని, రిజిస్టరు దగ్గరికి లాక్కుని చూశాడు. తర్వాత పెన్ను తీసుకుని, కొడుకు వేసిన దొంగ సంతకాన్ని చూస్తూ, నెమ్మదిగా, తోక దగ్గర ఆగి, తన సంతకం మళ్ళీ చేశాడు. బాబు చూసి "ఆ, ఇది మీదండీ" అన్నాడు.

నాన్న గదిలోకి పోయాక నేను బాబును పట్టుకున్నాను. అన్నయ్య సంగతి చెప్పి, "నిజం చెప్పండి. మా అన్న ఒక్కడే వచ్చేవాడు కదా? రిజిస్టర్‌ల ఊకె రాసేవాడు కదా?" అన్నాను.

బాబు చెవి మీది పెన్ను తీసి రిజిస్టరు మీద పెట్టాడు. అన్నయ్య పోయాడన్న మాట దగ్గరే ఉండిపోయాడు. తర్వాత నా వైపు వింతగా చూశాడు. "అమ్మా, పొద్దున్నే గది సర్దేది నేనే. రెండు మంచాల మీదా దుప్పట్లు నలిగి ఉండేవి. మాస్టారు రాత్రంతా దగ్గుతుంటే వేన్నీళ్ళు పట్టుకెళ్ళాను." సొరుగు లాగి ఒక కళ్ళజోడు పెట్టె తీశాడు. "రెండేళ్ళ కిందట ఇది మరిచిపోయారు. పోయినేడు ఇద్దామనుకుని నేనే మరిచిపోయాను."

నల్ల రేకు పెట్టె. మూత లోపల నాన్న రాతలో పేరు, బడి పేరు. రెండేళ్ళుగా ఆ పెట్టె కోసం నాన్న ఇల్లంతా వెతికిన సంగతి అమ్మ ఫోనులో ఎన్నిసార్లు చెప్పిందో. అన్నయ్య జేబులో వేసుకుని వచ్చి ఉంటాడని నాకు నేను చెప్పుకున్నాను. ఎందుకు వేసుకుంటాడో చెప్పుకోలేకపోయాను.

పొద్దు వాలుతుండగా నాన్న నీళ్ళ దగ్గరికి నడిచాడు. నేను చెప్పులు చేత్తో పట్టుకుని వెనుక నడిచాను. తీరంలో ఎవరూ లేరు. సముద్రం అంత దగ్గరగా అరుస్తున్నా ఏదో మూసిన గదిలో ఉన్నట్టు అనిపించింది. పెట్టె ఆయన చేతిలో పెట్టాను. తెరిచి చూసి, మూసి, కోటు జేబులో వేసుకున్నాడు. ఆశ్చర్యపోలేదు.

"నిస్సీ, నేను వచ్చిన" అన్నాడు.

"ఆఁ, వచ్చినవ్ డాడీ."

"ఇప్పుడు గాదు." ఇసుకలో కర్రతో గీస్తున్నట్టు కాలి బొటనవేలితో గీశాడు. "నోరు రానన్నది. నేను వచ్చిన. కాని వానికి ఎరుకేనా? లేకపోతె ఖాళీ సీటు చూసుకుంట నా మాటనే తలుసుకుంట పోయిండా? గదొక్కటి తెలిస్తె సాలు."

ఆ రాత్రి పక్క మంచం మీద నాన్న దగ్గుతూనే ఉన్నాడు. బాబు వేన్నీళ్ళు తెచ్చి తలుపు కొట్టాడు. నేను తెమ్మని అడగలేదు.

రెండు రోజులు ఆ తీరం వెంబడే తిరిగి, బందరు చూసుకుని వెనక్కు మళ్ళాం. శనివారం మధ్యాహ్నం హైదరాబాద్ దాటాక, నర్సాపూర్ మీదుగా పోదామన్నాను. నాన్న వద్దన్నాడు. "తూప్రాన్ తొవ్వనె పోదాం" అన్నాడు.

అన్నయ్య బండి ఆపినచోటే ఆపించాడు. రోడ్డు అవతల చాయ్ హోటల్. ఏడాదిలో మాలో ఎవ్వరం అక్కడ అడుగు పెట్టలేదు. నేను నాన్న చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించాను. హోటలాయన నర్సింగం బండిని గుర్తుపట్టాడు. నాన్నను కాదు. ఆ దారి పొడుగునా నాన్న ముఖం తెలియనివాడు అతనొక్కడే. మేమెవరమో చెప్పగానే స్టవ్ ఆపేశాడు.

"ఏం చెప్పమంటరు సారూ. గా రోజు అవతలి నుంచే చెయ్యి ఊపిండు. రెండు వేళ్ళు సూపిచ్చిండు. 'రెండు చాయ్, ఒకటి చక్కెర లేకుంట' అని ఒర్లిండు. నేను పోసి గూడ పెట్టిన. గంతల్నే..." అతను గుడ్డతో ముఖం తుడుచుకున్నాడు. "ఒక్కడే ఉండె. ఇంకొకటి ఎవలికో అని ఇయ్యాల్టి దాంక అనుకుంట."

నాన్న కుర్చీ వెతుక్కుని కూర్చున్నాడు. లారీలు పోతూనే ఉన్నాయి. చాలాసేపటికి నా చెయ్యి పట్టుకుని లాగాడు.

"కోపం ఉన్నోడు చక్కెర సంగతి యాది పెట్టుకోడు గదా, నిస్సీ?"

"పెట్టుకోడు, డాడీ" అన్నాను. నాకు ఏడుపు ఆగలేదు. నాన్న రెండు చాయ్‌లు చెప్పాడు, ఒకటి చక్కెర లేకుండా. రెండూ తాగేదాకా అక్కడే కూర్చున్నాం.

పొద్దు ఉండగానే ఇల్లు చేరాం. నాన్న బండి దిగబోయి దిగలేకపోయాడు. అమ్మా నేనూ చెరో రెక్కా పట్టి వాకిట్లో మంచం మీద బోర్లా పడుకోబెట్టాం. పక్కనే సంచి కప్పిన రాయి. అమ్మ నూనె వెచ్చబెట్టి తెచ్చి నడుముకు రాయసాగింది. దిండులోంచి నాన్న మాట వినిపించింది.

"నవోమీ, సోమవారం మేస్త్రీని పిలువు. ఈస్టర్ లోపట రాయి పెట్టాలె."

అమ్మ చెయ్యి ఆగింది. "రేపు గుడిల బల్ల తీసుకుంటరా?"

"తీసుకుంట."

అమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. ఇటుకలు రెండూ తీసి పక్కన పెట్టింది గానీ సంచి మాత్రం తియ్యలేకపోయింది. మళ్ళీ వచ్చి కూర్చునేసరికి నాన్న నిద్రపోయాడు. అమ్మకు ప్రాణం కుదుటపడ్డట్టుంది, ఎప్పటిలా సణగడం మొదలుపెట్టింది.

"ఈ నడుమొకటి నా పానానికి. ఏటేటా ఇదే కత. మట్టల ఆదివారం ముందు వారం రావాలె, గిడియోన్ బండి గల్లీ దాటాలె, ఈయనకు నిద్ర. పగలు నిద్ర, రాత్రి నిద్ర. పిలిస్తె పలుకరు. శనివారం వాడు వచ్చినంక లేసి, నడుం పట్టింది నూనె రాయి అంటరు. ఇంట్ల పండినోళ్ళకు నడుం ఎట్ల పడితదని తిడుతుంటి. ఈ ఏడన్న బండి ఎక్కిండ్రు."

"ప్రతి ఏడా, అమ్మా?"

"ఆరేండ్లు. నువ్వు హైదరాబాద్‌ల ఉంటివి, నీకేమెరుక."

అడగకూడదని తెలుసు. అడిగాను. "పోయినేడు?"

అమ్మ నూనె గిన్నెలో వేళ్ళు ముంచి అలాగే ఉంచింది.

"పోయినేడు శనివారం మూడింటికి దిగ్గున లేసి కూసున్నరు. తలుపు దిక్కు చూసుకుంట, 'వాడు చాయ్ తెస్తనని పోయిండు, ఇంక రాలే' అన్నరు. కలవరిస్తుండ్రనుకున్న. లేసినంక ఆయనకే యాది లేదు. ఫోన్ నాలుగింటికి వచ్చింది."

నాన్న కదిలాడు, నిద్రలోనే. అమ్మ చేతిలోంచి గిన్నె తీసుకుని మిగతా నడుముకు నేను నూనె రాశాను.